హైమన్‌డార్ఫ్

మానవ ప్రవర్తనను శాస్త్రీయంగా అధ్యయనం చేయడానికి ప్రయోగం, పరిశీలన, ముఖాముఖి వంటి పద్ధతులు ఉన్నాయి. అయితే ఒక జనసమూహం అనుభవించే ఆవేదనను ప్రయోగశాలలో కొలవడం సాధ్యం కాదు. పరిశోధకుడు ఆ ప్రజల నడుమ నివసించి, వారి జీవితంలో పాలుపంచుకొని తెలుసుకోవాలి. దీనినే సహభాగి పరిశీలన అంటారు. తెలంగాణ అడవులలో ఈ పద్ధతిని ఆచరించిన మహనీయుడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆయన 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించారు. అక్కడే మానవశాస్త్రం అభ్యసించి, లండన్‌లో మలినోవ్‌స్కీ వద్ద క్షేత్ర పరిశోధనా పద్ధతులను నేర్చుకున్నారు. 1936లో నాగా కొండలకు వెళ్లి అక్కడి తెగల జీవన విధానాన్ని పరిశీలించారు. 1939లో రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైనప్పుడు ఆయన వద్ద జర్మనీ పాస్‌పోర్టు ఉండడంతో ఆంగ్ల ప్రభుత్వం ఆయనను శత్రుదేశీయుడిగా భావించింది. ఆయన రాకపోకలు హైదరాబాదు సంస్థానానికే పరిమితమయ్యాయి. ఆ నిర్బంధమే ఆయన పరిశోధనకు వరమైంది. భార్య బెట్టీతో కలిసి నల్లమల చెంచులను, గోదావరీ తీరపు కొండరెడ్లను అధ్యయనం చేశారు.

1940లో ఆదిలాబాద్ అడవులలోని జోడేఘాట్ వద్ద కొమురం భీం నేలకొరిగారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. దంపతులిద్దరూ మార్లవాయి గ్రామంలో గుడిసె వేసుకొని నివసించారు. ఆయన గోండి భాష నేర్చుకొని, పండుగలలో, పంచాయతీలలో వారితో కూర్చున్నారు. అధికారుల దస్త్రాలలో తిరుగుబాటుగా నమోదైన దాని వెనుక, భూమి కోల్పోయిన రైతు కడుపుకోత ఉందని గ్రహించారు. అడవికి హద్దులు గీయడం వల్ల గోండులు సాగుభూములకు దూరమయ్యారని, మిగిలిన భూములు బయటివారి పరమయ్యాయని ప్రభుత్వానికి నివేదించారు.

పరిశీలకుడు తటస్థంగా ఉండాలన్నది శాస్త్ర నియమం. కాని కళ్లెదుట కనిపించిన అన్యాయాన్ని రాసి ఊరుకోవడం ఆయనకు సమ్మతం కాలేదు. వాస్తవాలను నిష్పక్షపాతంగా సేకరించి, ఆ వాస్తవాల ఆధారంతోనే గోండుల పక్షాన నిలిచారు. ఆయన కృషి ఫలితంగా గిరిజనులకు భూమి పట్టాలు లభించాయి. 1943లో మార్లవాయి కేంద్రంగా గోండు విద్యా పథకం ప్రారంభమైంది. గోండి భాషలోనే వాచకాలు రూపొందాయి.

తరువాత ఆయన లండన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైనా మార్లవాయిని మరువలేదు. 1987లో మరణించిన బెట్టీ సమాధి ఆ గ్రామంలోనే ఉంది. ఆయన 1995లో లండన్‌లో కన్నుమూశారు. తరువాత ఆయన అస్థికలు కూడా ఆమె సమాధి చెంతకే చేరాయి. పరిశోధనకు పరికరాలు, ప్రశ్నావళులు అవసరమే. వాటికంటే ముందు, ఎదుటి మనిషి మాటను ఓపికతో వినే గుణం కావాలని హైమన్‌డార్ఫ్ జీవితం మనకు బోధిస్తుంది.