ఫ్రెడరిక్ డగ్లస్

ఎన్నికలలో నిలిచినవారందరును దోషములు గలవారే యైనపుడు ఓటు ఎవరికి వేయవలెనను సందేహము పెద్దలకును కలుగుచుండును. పదునెనిమిదేండ్లు నిండగనే మా విద్యార్థులకును ఆ బాధ్యత సంక్రమించును. కావున ఆ సందేహముతో చిరకాలము పెనగులాడిన యొక మహనీయుని చరిత్రమును ఇచట సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఫ్రెడరిక్ డగ్లస్ 1818లో అమెరికాయందలి మేరీలాండు రాష్ట్రమున బానిసగా జన్మించెను. యజమానురాలు అక్షరములు నేర్ప నారంభింపగా భర్త మాన్పించెను. బాలుడు వీధిపిల్లల నాశ్రయించి చదువు సాధించెను. 1838లో నావికుని వేషమున తప్పించుకొని స్వేచ్ఛ పొందెను. 1845లో స్వీయచరిత్రమును ప్రకటించెను. 1847లో రాచెస్టరు నగరమున పత్రికను స్థాపించెను.

అతనికి మార్గదర్శి గారిసన్ అను ఉద్యమనాయకుడు. రాజ్యాంగము బానిసత్వమును కాపాడుచున్నది గావున ఓటు వేయుటయే పాపమని గారిసన్ మతము. డగ్లస్ తొలుత దానినే నమ్మెను. కాని ఓటు మానినంత మాత్రమున సంకెలలు తెగవని క్రమముగా గ్రహించి, 1851లో ఆ మతమును బహిరంగముగా విడిచెను. అందువలన గురువుతోడి స్నేహము చెడెను.

ఓటు వేయ నిశ్చయించినను చిక్కు తీరలేదు. 1860లో లింకను బానిసత్వము క్రొత్త సీమలకు వ్యాపింపరాదనెనే గాని, ఉన్నచోట తొలగింతునని చెప్పలేదు. డగ్లస్ తుదకు, గెలువడని యెరిగియు, బానిసత్వమును పూర్తిగా నిరసించిన గెరిట్ స్మిత్ పక్షము వహించెను. 1863లో లింకను విముక్తి ప్రకటన చేసెను. అయినను ఆ ప్రభుత్వము తెల్ల సైనికునకు నెలకు 13 డాలర్లిచ్చుచు, నల్ల సైనికునకు 10 మాత్రమే యిచ్చి, అందు 3 దుస్తులకై కోసెను. 1864 వరకు ఈ భేదము సాగెను. డగ్లస్ దీనిని తీవ్రముగా ఖండించెను. ఆ యేటి యెన్నికకు వేరొక అభ్యర్థిని సైతము వెదకెను. కాని ప్రతిపక్షము యుద్ధమును నిలుపుటకే మొగ్గగా, దాని వలన బానిసలు బానిసలుగనే మిగులుదురని భయపడి, లింకనునే సమర్థించెను.

ఒకే మనుజుడు నాలుగేండ్లలో రెండు త్రోవలు తొక్కెను. ఇది చాంచల్యమని మేము తలపము. తన చేయి నిర్మలముగా నుండుటకంటె, ఓటే లేని లక్షలాది బానిసలకు ఏమి కలుగునన్నదే అతనికి కొలబద్ద. ఓటు వేసిన పిమ్మటను అతడు మౌనము వహింపలేదు. తాను సమర్థించినవారి లోపములను సైతము ఎత్తిచూపుచునే యుండెను. 1865లో బానిసత్వము రద్దయ్యెను. వర్ణకారణమున ఓటు నిరాకరింపరాదను సవరణ 1870లో అమలునకు వచ్చెను. డగ్లస్ 1895లో పరమపదించెను.

నిర్దోషియగు అభ్యర్థి దొరకకపోవచ్చును. అపుడు మన ఓటు ఎవరి మెడ కాడిని తేలికపరచునో, ఎవరికి బరువగునో విచారించుట మన విద్యార్థులకు ధర్మమని మేము విశ్వసించుచున్నాము.