సుత్తి దెబ్బను కొలిచిన డాక్టరు

వరికోతల ముందు కొడవళ్ళకు కక్కు కొట్టించుకు రమ్మని నాన్న నన్ను కొలిమికి పంపేవాడు. కమ్మరి ఎడమచేత ఉలి, కుడిచేత సుత్తి. టక్ టక్ మని ఒకే లయలో దెబ్బలు పడుతుంటే పళ్ళు కొలిచి పెట్టినట్టు వచ్చేవి. ఆయన మాత్రం నాతో కబుర్లాడుతూనే ఉండేవాడు. ఆ చేతికి లెక్క ఎవరు నేర్పారు? ఉలి మీద పడే సుత్తి దెబ్బనే కెమెరా పెట్టి కొలిచిన మనిషి ఒకాయన ఉన్నాడు.

నికొలాయ్ బెర్న్‌స్టీన్ 1896లో మాస్కోలో పుట్టాడు. తండ్రి మానసిక వైద్యుడు. తనూ వైద్యమే చదివి, అంతర్యుద్ధంలో ఎర్రసైన్యం డాక్టరుగా పనిచేశాడు. 1922లో మాస్కోలోని కేంద్ర శ్రామిక సంస్థలో చేరాడు. దాన్ని స్థాపించిన గాస్తెవ్ కవి, లోహపు పని చేసినవాడు. దెబ్బ కొట్టడానికి సరైన పద్ధతి ఒక్కటి తేల్చి కార్మికులందరిచేతా అదే చేయించాలని ఆయన పట్టుదల. (పాపం, స్టాలిన్ కాలంలో 1939లో ఆయన్ని కాల్చి చంపారు.)

బెర్న్‌స్టీన్ పనివాడి కీళ్ళకూ సుత్తికీ చిన్న బల్బులు కట్టాడు. కెమెరా ముందు తిరిగే చక్రం వెలుగును ముక్కలు చేస్తుంది. ఫోటోలో చెయ్యి బదులు చుక్కల వరసలు పడతాయి. చుక్కలు దగ్గరగా ఉంటే చెయ్యి నెమ్మదిగా కదిలినట్టు, దూరంగా ఉంటే జోరుగా కదిలినట్టు. కాలాన్ని స్కేలుతో కొలవచ్చన్నమాట!

అప్పుడు తేలింది అసలు సంగతి. ఆరితేరిన పనివాడి ఏ రెండు దెబ్బలూ ఒక్కలా లేవు. అయినా సుత్తి మాత్రం ఉలి తలమీదే పడుతోంది. ఒక కీలు చేసిన తేడాను ఇంకో కీలు సర్దేస్తోంది. ఇక అందరికీ నేర్పాల్సిన ఆ ఒక్క కదలిక ఎక్కడుంది? తర్వాత పియానో వాయించే చేతుల్ని పరీక్షించాడు. వేగం పెంచితే పాత కదలికే జోరందుకోవటం లేదు, కదలిక కట్టుబాటే మారిపోతోంది. నెమ్మదిగా సాధన చేస్తే వేగం దానంతటదే వస్తుందనుకునేవాళ్ళకు ఇది చేదు కబురే. మెదడు ఆజ్ఞ పంపి ఊరుకోదనీ, చేతినుంచి వచ్చే సమాచారాన్నిబట్టి సర్దుకుంటూ పోతుందనీ 1935లోనే రాశాడు.

1947లో వచ్చిన ఆయన పుస్తకానికి 1948లో స్టాలిన్ బహుమతి ఇచ్చారు. రెండేళ్ళు తిరిగేసరికి కథ అడ్డం తిరిగింది. శరీరశాస్త్రంలో పావ్‌లోవ్ మాటే చెల్లాలని 1950లో పెద్ద సభ పెట్టి తేల్చారు. ఈయన ప్రయోగశాల పోయింది. యాభై దాటిన మనిషి ఇతరుల వ్యాసాలకు సారాంశాలు రాస్తూ కూర్చున్నాడు. తన లెక్కల్ని మాత్రం వెనక్కి తీసుకోలేదు.

1966 జనవరిలో కన్నుమూశాడు. మరుసటి ఏడు ఆయన వ్యాసాలు ఇంగ్లీషులో వచ్చి పై దేశాలవాళ్ళకు తెలిశాయి. చేతి నేర్పు గురించి మామూలు జనం కోసం రాసిన పుస్తకం ఒకటి అచ్చుకాకుండా ఆగిపోయింది. అది బయటికి వచ్చింది 1991లో. రాసినవాడు పోయి అప్పటికి పాతికేళ్ళు.