వీరులను నవ్వులపాలు చేసిన దోమియే

ఓనొరే దోమియే ఫ్రాన్సు దేశపు వ్యంగ్య చిత్రకారుడు. 1808లో మార్సే నగరంలో జన్మించాడు. తండ్రి కిటికీలకు అద్దాలు బిగించే పనివాడు. కవిగా పేరు తెచ్చుకోవాలని ఆయన పారిస్ చేరాడు గాని ఆ కోరిక తీరలేదు. ఇల్లు గడవక దోమియే చిన్నతనంలోనే కోర్టు అమీనా దగ్గర, తర్వాత ఒక పుస్తకాల దుకాణంలో పనికి కుదిరాడు.

రాతిపలక మీద బొమ్మ గీసి, దాని నుంచి కాగితాలపై అచ్చు తీసే పద్ధతిని శిలాముద్రణ అంటారు. అప్పటికి అది కొత్త విద్య. దోమియే దాన్ని నేర్చుకుని పత్రికలకు బొమ్మలు వేయసాగాడు. 1831లో లూయీ ఫిలిప్ రాజును ప్రజల సొమ్ము మింగే రాక్షసుడిగా చిత్రించాడు. అందుకు ఆరు నెలల జైలుశిక్ష పడింది. 1835లో మరో కొత్త చట్టం వచ్చింది. ప్రభుత్వం ముందుగా చూసి ఒప్పుకుంటేనే వ్యంగ్య చిత్రాలు అచ్చు కావాలి. ఇక రాజు జోలికి పోవడానికి వీల్లేదు. బొమ్మలు వేయకపోతే పూట గడవదు.

ఆ రోజుల్లో ఫ్రాన్సులో చదువుకున్నవారికి ప్రాచీన గ్రీకు, రోము వీరులే ఆదర్శం. చిత్రకళ నేర్చుకునేవారు వారి శిల్పాలను చూసి గీయాలి. దోమియే కూడా లూవ్ర్ ప్రదర్శనశాలలో అలా గీసినవాడే. కాబట్టి ఆ శిల్పాల ఠీవి ఎలాంటిదో ఆయనకు బాగా తెలుసు.

1841 చివరి నుంచి 1843 మొదటి వరకు 'షారివారి' పత్రికలో 'ప్రాచీన చరిత్ర' పేరుతో ఆయన 50 బొమ్మలు వేశాడు. మొదటి బొమ్మ చూడండి. ట్రాయ్ నగరం తగలబడుతోంది. యుద్ధం గెలిచిన మెనెలాస్ రాజు, ఎత్తుకుపోబడిన భార్య హెలెన్‌ను వెంటబెట్టుకుని రొమ్ము విరుచుకుని నడుస్తున్నాడు. ఆవిడేమో ముక్కు మీద బొటనవేలు పెట్టి అతన్ని వెక్కిరిస్తోంది! ఇంత యుద్ధమూ ఈమె కోసమేనా అనిపిస్తుంది. మరో బొమ్మలో అందగాడని పేరుపడ్డ నార్సిసస్ ఎముకల గూడులా ఉండి, నీటిలో తన నీడను చూసి మురిసిపోతున్నాడు. ఇంకొకదానిలో మహావీరుడు యులిసిస్ కుచ్చు టోపీ పెట్టుకుని మంచం మీద నిద్రపోతున్నాడు. కథలు గ్రీకువారివి, ముఖాలు మాత్రం పారిస్ వీధుల్లో రోజూ కనిపించేవే. ఈ బొమ్మల్లో రాజు పేరు ఎక్కడా లేదు.

దోమియే సుమారు 4,000 శిలాముద్రణ చిత్రాలు వేశాడు. అయినా బీదరికం వదలలేదు. ముసలితనంలో చూపు తగ్గింది. చిత్రకారుడు కోరో ఆయనకు వాల్మొందువా గ్రామంలో నీడ కల్పించాడు. 1878లో మిత్రులు పారిస్‌లో ఆయన రంగుల చిత్రాలను ప్రదర్శించారు. అప్పటికి ఆయన చూపు దాదాపు పోయింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆ గ్రామంలోనే కన్నుమూశాడు.