బండి విప్పి చదువుకున్న మనిషి: జి.డి. నాయుడు

కోయంబత్తూరు వెళ్ళినవారికి అవినాశి రోడ్డు తెలియకుండా ఉండదు. 2025 అక్టోబరులో ఆ రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడవైన పైవంతెన ప్రారంభమైంది. తమిళనాడు ప్రభుత్వం దానికి జి.డి. నాయుడు గారి పేరు పెట్టింది. చివరనున్న నాయుడు అన్న మాట మీద కొంత వాదన కూడా నడిచింది. మనవాళ్ళు మాత్రం ఒక తెలుగింటి బిడ్డ పేరు అంత పెద్ద కట్టడం మీద చూసి సంతోషించారు.

సంతోషం సరే. అదే రోడ్డు మీద హోప్ కాలేజీ అని ఒక బస్‌స్టాపు ఉంది. ఊళ్ళో అందరూ హోప్స్ అంటారు. అక్కడ దిగి హోప్ కాలేజీ ఎక్కడని వెతికితే ఆ పేరుతో కాలేజీ కనబడదు. ఎప్పుడో మరో చోటికి వెళ్ళిపోయింది, స్టాపుకు పేరు మాత్రం మిగిలింది. నాయుడు గారి జీవితంలో ముఖ్యమైన ఘట్టం ఆ పేరు వెనకే ఉంది. బడుల్లో కోడింగ్ పెట్టాలి, పిల్లల చేత వస్తువులు చేయించాలి అని అందరూ అంటున్న ఈ రోజుల్లో ఆ ఘట్టాన్ని మన ఇళ్ళలో పిల్లలకు చెప్పడం అవసరం.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో పుట్టారు. వ్యవసాయ కుటుంబం. ఆ చుట్టుపక్కల నల్లరేగడి పొలాల్లో పత్తి పండించుకుంటూ తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మనలాగే. తల్లి చిన్నప్పుడే పోయారు.

బడి ఆయనకు పడలేదు. అయ్యవారి కళ్ళలో ఇసుక చల్లి పారిపోయేవారని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మూడో తరగతితో చదువు ఆగిపోయింది. ఆగింది బడి చదువే. పొలంలో కూర్చుని తమిళంలో దొరికిన పుస్తకాలన్నీ తానే చదువుకున్నారు. చదువంటే ఇష్టం లేని పిల్లవాడు కాదు, కూర్చోబెట్టి వల్లె వేయించే పద్ధతి నచ్చని పిల్లవాడు.

ఒకరోజు ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలు మీద ఆ ఊరికి వచ్చాడు. రడ్జ్ కంపెనీ బండి. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా నడిచే బండిని ఈ కుర్రవాడు చూడడం అదే మొదటిసారి. మనసు దాని మీదే పడిపోయింది. ఊరు వదిలి కోయంబత్తూరు చేరి, ఒక హోటల్లో సర్వరుగా పనిచేశారు. కూడబెట్టిన మూడు వందల రూపాయలతో ఆ బండి కొన్నారు. మరొకరైతే కొన్న రోజే ఎక్కి ఊరంతా తిరిగేవారు. ఈయన దాన్ని ముక్క ముక్కగా విప్పేశారు. ఏ భాగం దేనికి ఆనుతుందో, ఏది తీస్తే ఏది ఆగుతుందో చూసుకుని మళ్ళీ బిగించారు. ఆయనకు ఇంజనీరింగు పాఠం అదే. సర్టిఫికెట్టు లేదు, బండి మాత్రం నడిచింది.

తర్వాత దారి సాఫీగా సాగలేదు. తిరుప్పూరులో పత్తి వ్యాపారం చేసి మొదటి ప్రపంచ యుద్ధకాలంలో డబ్బు చూశారు. బొంబాయి వెళ్ళి అక్కడి పత్తి బజారులో అది పోగొట్టుకుని వచ్చారు. కోయంబత్తూరులో మిల్లులు నడిపిన రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఈయన పనితనం చూసి ఆసరాగా నిలిచారు. ఆ సాయంతో 1920లో ఒక బస్సు కొని పొళ్ళాచ్చి నుంచి పళనికి తామే నడిపారు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. 1933 నాటికి 280 బస్సులు. అన్ని బస్సులు రోజూ రోడ్డెక్కాలంటే అన్నీ బాగుండాలి. విడి భాగాలు ఓడల్లో సీమ నుంచి రావలసిన కాలం. చెడితే విప్పి బాగుచేయగల చేతులు ఊళ్ళోనే ఉండాలి.

1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి విద్యుత్ మోటారు తయారుచేశారు. దేశంలో తయారైన తొలి మోటారుగా దాన్ని చెప్పుకుంటారు. బాలసుందరం గారు తర్వాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించారు. ఈనాడు మోటార్లకూ పంపులకూ కోయంబత్తూరుకు ఉన్న పేరు ఆ తరం వేసిన పునాది మీద నిలిచింది. రసంత్ అనే విద్యుత్ షేవింగ్ రేజరు, పలుచని బ్లేడ్లు, పళ్ళరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసానికి వీలు లేకుండా ఓట్లు నమోదు చేసే యంత్రం, ఇలా నాయుడు గారి చేతిలో తయారైన వాటి జాబితా పెద్దది. 1941లో అయిదు వాల్వుల రేడియోను డెబ్బయి రూపాయలకే ఇక్కడ చేయగలనని ప్రకటించారు.

ఇప్పుడు హోప్ స్టాపు దగ్గరికి వద్దాం. 1945లో కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజనీరింగు కాలేజీ మొదలయ్యాయి. నాయుడు గారి చొరవతో వచ్చినవే. మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు పెట్టారు. ప్రిన్సిపాలు ఎవరంటే, మూడో తరగతితో బడి మానేసిన నాయుడు గారే. ఆ రోజుల్లో ఇది ఎంత వింతో ఊహించుకోండి.

ఆ పదవి ఎక్కువ కాలం నిలవలేదు. ఇంజనీరింగుకు నాలుగేళ్ళు ఎందుకని ఆయన అడిగారు. రెండేళ్ళు చాలు, మిగతాది కాలం వృథా అన్నది ఆయన వాదన. బ్రిటిషు ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయనా తగ్గలేదు. రాజీనామా చేసి బయటికి వచ్చేశారు. కాలేజీ తర్వాత తడాగం రోడ్డుకు మారింది. ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అదే.

ఎవరిది ఒప్పు? నా మట్టుకు నేను, రెండేళ్ళలో ఇంజనీరును తయారుచేయవచ్చని గట్టిగా చెప్పలేను. వంతెన కట్టేవాడికి లెక్కలు బాగా రావాలి, దానికి సమయం పడుతుంది. అయితే ఆయన అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ బదులు దొరకలేదు. కుర్రవాడు కాలేజీలో ఉన్నన్నాళ్ళలో చేతితో పనిచేసింది ఎన్ని గంటలు, పరీక్ష కోసం వల్లె వేసింది ఎన్ని గంటలు?

ఆ తర్వాతా ఆయనకు ఎదురుదెబ్బలు తప్పలేదు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు చేశారు. ధర రెండు వేల రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో ఆ కారు జనం చేతికి రాలేదు. 1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. అవినాశి రోడ్డులోని మ్యూజియంలో ఆయన చేసిన వస్తువులు చాలా ఉన్నాయి. ఆయన పేరిట నడిచే ధర్మసంస్థ కింద పిల్లలకు పని నేర్పే శిక్షణ సంస్థ కూడా ఉంది. వస్తువులు అద్దాల వెనక్కి వెళ్ళిపోయినా నేర్పించే పని ఆగలేదు. అది ఆయనకు తగిన గౌరవం.

ఇక మన కాలం సంగతి. కేంద్ర ప్రభుత్వం 2016లో అటల్ టింకరింగ్ ల్యాబులు మొదలుపెట్టింది. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు సెన్సర్లు, చిన్న కంట్రోలర్ బోర్డులు, త్రీడీ ప్రింటర్లతో తామే ఏదైనా చేసి చూడాలని ఉద్దేశం. ఒక్కో బడికి 20 లక్షల దాకా సాయం. ఇప్పటికి పది వేల బడులు దాటాయి. మరో 50 వేల ల్యాబులు పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. 2020 జాతీయ విద్యావిధానం మాధ్యమిక దశలోనే కోడింగ్ ఉండాలంది.

గది ఇస్తే, సామాను ఇస్తే సరిపోతుందా? బోర్డు మీద ప్రోగ్రాం రాసి, పిల్లల చేత నోటు పుస్తకంలో ఎక్కించి, పరీక్షలో అడిగితే అది కోడింగ్ పేరుతో చేసే వల్లెవేతే. నాయుడు గారు ఇసుక చల్లి పారిపోయింది అలాంటి చదువు నుంచే. ఒక చిన్న దీపాన్ని సెకనుకోసారి వెలిగించి ఆర్పే ప్రోగ్రాం పిల్లవాడి చేతికివ్వండి. అందులో ఒక అంకె మార్చమనండి, దీపం వేగం మారుతుంది. ఒక వరుస తీసేయమనండి, దీపం ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో వాడే వెతికి మళ్ళీ వెలిగిస్తే, వాడు మోటారు సైకిలు విప్పి బిగించినట్టే. పాడుచేయడానికి అనుమతి లేని చోట ఈ చదువు రాదు. సామాను పాడవుతుందని బీరువాకు తాళం వేసిన ల్యాబు ఎంత ఖరీదైనదైనా ఎవరికీ ఉపయోగపడదు.

మన సంఘాల గ్రంథాలయాల పరిస్థితి మనకు తెలుసు. బీరువాల నిండా మంచి పుస్తకాలున్నాయి. చదివేది నావంటి అరవై దాటినవాళ్ళు. పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు, కనుక లోపలికి రారు. తెలుగు తరగతి పెడితే నాలుగు వారాలకే పలుచబడిపోతుంది. పక్కన ఒక బల్ల వేసి చూద్దాం. చెడిపోయిన టేబుల్ ఫ్యాను, మిక్సీ, పాత గడియారం, నాలుగు స్క్రూడ్రైవర్లు, ఎవరింట్లోనో మూలనపడ్డ ల్యాప్‌టాప్. ఆదివారం రెండు గంటలు. మనలో రిటైరైన మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు, కంప్యూటరు పనిచేసే కుర్రవాళ్ళు లేని ఊరు లేదు. వాళ్ళు తెలుగులోనే చెప్పాలి. మర, తీగ, చుట్టు, బిగువు, వదులు, ఈ మాటలు పిల్లవాడి చేతిలో వస్తువుతో పాటు నోటికి వస్తాయి. ఆ మాటలు కాగితం మీద ఎలా ఉంటాయో చూడాలని వాడికే అనిపించవచ్చు.

జాగ్రత్త ఒకటి. ప్లగ్గు తీసిన వస్తువే బల్ల మీదికి రావాలి, పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి. పాత టీవీ, మైక్రోవేవ్ ఓవెను మాత్రం వద్దు. ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది.

వంతెనకు పేరు పెట్టడం ప్రభుత్వం చేసింది. ఆయన చదువుకున్న తీరును పిల్లలకు అందించడం మనం చేయవలసిన పని. వచ్చే నెల మా సంఘం గదిలో ఒక బల్ల వేస్తున్నాం. మీ ఊళ్ళో వేస్తే ఏమైందో నలుగురికీ తెలియజేయండి. విప్పిన ఫ్యాను మళ్ళీ తిరగకపోయినా ఫరవాలేదు.