పుట్టుకను లెక్కగట్టిన మహనీయుడు – జె.బి.ఎస్. హాల్డేన్



పదో తరగతి జీవశాస్త్రంలో అనువంశికత పాఠం రాగానే మనకు మెండెల్ గారి బఠానీ మొక్కలు గుర్తుకొస్తాయి. పొడవు మొక్క, పొట్టి మొక్క, 3:1 నిష్పత్తి అని బట్టీపట్టి పరీక్ష రాసేస్తాం. కాని ఆ పాఠానికీ మన ఇంట్లో జరిగే పెళ్లిళ్లకూ, పుట్టే బిడ్డలకూ, ఊళ్లో మనం పడే మాటలకూ సంబంధం ఉందని చాలామందికి తోచదు. ఆ సంబంధాన్ని లెక్కలు వేసి చూపించినవారిలో ముఖ్యుడు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. ఇంగ్లండులో పుట్టి, భారత పౌరుడై, చివరకు తన దేహాన్ని మన తెలుగునేలకే ఇచ్చిన ఆ శాస్త్రవేత్త జీవితాన్ని తెలుసుకుందాం.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరుపొందిన శరీరధర్మ శాస్త్రవేత్త. బొగ్గుగనుల్లో కార్మికుల ప్రాణాలు తీసే విషవాయువులపై పరిశోధన చేస్తూ, కొడుకును కూడా గనుల్లోకి వెంటబెట్టుకొని వెళ్లేవారు. కలిగిన కుటుంబం, పేరున్న బడి, గొప్ప విశ్వవిద్యాలయం అన్నీ ఆయనకు అమరాయి. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, ఆపై ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యం, తత్వశాస్త్రం చదివారు. ఆశ్చర్యం ఏమిటంటే, అంతటి శాస్త్రవేత్తకు సైన్సులో ఒక్క డిగ్రీ కూడా లేదు!

సైన్సు ఆయనకు ఇంట్లోనే అబ్బింది. చెల్లెలు నవోమీ గినీపందులను, ఎలుకలను పెంచేది. వాటి పిల్లల రంగులను అన్నాచెల్లెళ్లు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకునేవారు. కొన్ని లక్షణాలు విడివిడిగా కాక జంటగా తరువాతి తరానికి వెళ్తున్నాయని గమనించారు. పాలిచ్చే జంతువుల్లో జన్యువుల సహలగ్నతను మొదటిసారి చూపిన ఆ వ్యాసం 1915లో వెలువడింది. అప్పటికి హాల్డేన్ మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడు. వారితో కలిసి పనిచేసిన మిత్రుడు స్ప్రంట్ ఆ యుద్ధంలోనే మరణించాడు.

యుద్ధం తర్వాత ఆయన కేంబ్రిడ్జ్‌లోనూ, లండన్ యూనివర్సిటీ కాలేజీలోనూ పనిచేశారు. ప్రకృతివరణం వల్ల ఒక జన్యువు జనాభాలో ఎంత వేగంగా పెరుగుతుందో, ఎంత వేగంగా తగ్గుతుందో లెక్కగట్టే గణితాన్ని నిర్మించారు. ఫిషర్, సీవల్ రైట్‌లతో పాటు ఆయనను జనాభా జన్యుశాస్త్ర పితామహులలో ఒకరిగా లెక్కిస్తారు.

ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియని వర్ణాంధత గురించి మీరు వినే ఉంటారు. రైల్వే ఉద్యోగం వచ్చినట్టే వచ్చి, వైద్య పరీక్షలో ఈ కారణంగా ఆగిపోయినవారు ఉంటారు. దీనికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగపిల్లవాడికి ఎక్స్ క్రోమోజోము తల్లి నుంచే వస్తుంది, తండ్రి వై క్రోమోజోమును ఇస్తాడు. అందుకే తండ్రి వర్ణాంధత కొడుక్కి రాదు. తల్లికి రంగులు చక్కగా కనిపిస్తున్నా, ఆమె రెండు ఎక్స్‌లలో ఒకదానిలో లోపం దాగి ఉంటే, పుట్టే ప్రతి కొడుక్కీ అది రావడానికి సగం అవకాశం ఉంటుంది. గాయమైతే రక్తం గడ్డకట్టని హీమోఫీలియా కూడా ఇలాగే సంక్రమిస్తుంది. ఈ రెండు జన్యువులూ ఒకే క్రోమోజోముపై దగ్గరగా ఉన్నాయని జూలియా బెల్, హాల్డేన్ 1937లో చూపారు. అంతకుముందు 1935లో, మానవునిలో ఒక జన్యువు కొత్తగా మారే రేటును హీమోఫీలియా ఆధారంగా మొదటిసారి అంచనా వేసినవారు కూడా ఆయనే.

ఈ లెక్క తెలిసినవారు ఆడపిల్ల పుట్టిందని కోడలిని నిందించరు. తండ్రి ఎక్స్ ఇస్తే ఆడపిల్ల, వై ఇస్తే మగపిల్లవాడు. ఇందులో తల్లి చేసేదీ లేదు, తండ్రి కోరి చేసేదీ లేదు.

ఇక మనందరికీ ముఖ్యమైన విషయానికి వద్దాం. ఆ రోజుల్లో ఇంగ్లండు, అమెరికా, జర్మనీలలో పెద్దమనుషులు, కొందరు శాస్త్రవేత్తలు ఒక వాదం లేవదీశారు. పేదవాళ్లు పేదవాళ్లుగా ఉండటానికి కారణం వాళ్ల రక్తమేనని, తెలివి పెద్ద ఇళ్లలోనే పుడుతుందని, తక్కువవారికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయాలని వారి మాట. పెద్ద ఇంట్లో పుట్టిన హాల్డేన్ దాన్ని ఎదిరించారు. 1938లో అనువంశికత, రాజకీయాల గురించి ఒక పుస్తకమే రాశారు. దాగి ఉండే లోపాలు ఎక్కువగా ఆరోగ్యవంతుల్లోనే ఉంటాయి కనుక, జబ్బు ఉన్నవారికి ఆపరేషన్లు చేసినా అవి పోవని లెక్కలతో చూపారు. విత్తనం ఎలాంటిదైనా నేల, నీరు, ఎరువు తేడా అయితే పంట తేడా అవుతుంది. రెండు మళ్లకూ ఒకేలా నీరు పెట్టకుండా ఈ విత్తనం మంచిది, ఆ విత్తనం చెడ్డది అని రైతు తీర్పు చెప్పడు కదా! మనుషుల విషయంలోనూ అంతే. తిండి, చదువు సమానంగా అందనంత కాలం ఎవరు పుట్టుకతో గొప్ప, ఎవరు తక్కువ అన్న తీర్పుకు ఆధారం లేదు.

మీ ఇళ్లలో చదువు లేదు, మీకు చదువెలా వస్తుంది అన్న మాట పడని విద్యార్థి మన హాస్టళ్లలో అరుదు. ఆ మాటకు జన్యుశాస్త్రంలో చోటు లేదని గట్టిగా గుర్తుపెట్టుకోండి.

హాల్డేన్‌లోనూ లోపాలున్నాయి. ఆయన కమ్యూనిస్టు. సోవియట్ దేశంలో లైసెంకో అనే వ్యక్తి అధికార బలంతో జన్యుశాస్త్రాన్ని అణచివేసినప్పుడు, సాటి శాస్త్రవేత్తలు అక్కడ కష్టాలు పడుతున్నా, ఆయన చాలాకాలం సూటిగా ఖండించలేదు. మహనీయుల జీవితాల్లో ఇలాంటివి కూడా మనం చదవాలి.

సూయజ్ కాలువపై 1956లో బ్రిటన్ చేసిన దాడిని నిరసించి, 1957లో భార్య హెలెన్ స్పర్వేతో సహా భారతదేశానికి వచ్చేశారు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇనిస్టిట్యూట్‌లో చేరారు. కుర్తా ధరించి, శాకాహారిగా మారి, 1961లో భారత పౌరసత్వం తీసుకున్నారు. ఖరీదైన యంత్రాలు లేవని మన విద్యార్థులు దిగులు పడనక్కరలేదని, కళ్లూ, నోటు పుస్తకమూ, ఓపికా ఉంటే పరిశోధన చేయవచ్చని ఆయన నమ్మకం. ఆయన శిష్యుడు ఎస్.కె. రాయ్ పారిజాతం పూల రేకులు లెక్కపెట్టి పరిశోధన చేశారు.

మరో శిష్యుడు మన పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. చెవుల మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కి వస్తాయని, ఆ జన్యువు వై క్రోమోజోము మీద ఉందని ఆయన ఆంధ్ర కుటుంబాలను పరిశీలించి 1960లో రాశారు. డి.ఎన్.ఎ. పరీక్షలు వచ్చాక, 2004లో అది వై క్రోమోజోముకు చెందినది కాదని తేలింది. సైన్సు తనను తాను దిద్దుకుంటుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

ద్రోణంరాజు, మీరాఖాన్ కలిసి మన రాష్ట్రంలోని మేనరికాలను కూడా అధ్యయనం చేశారు. మేనత్త, మేనమామ పిల్లలకు సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామకూ అక్క కూతురికీ నాలుగో వంతు ఉంటాయి. తాతముత్తాతల్లో ఒకరికి దాగి ఉన్న లోపం రెండు వైపుల నుంచీ వచ్చి ఒకే బిడ్డలో కలిసే అవకాశం అందువల్ల పెరుగుతుంది. తల్లిదండ్రులిద్దరిలోనూ అదే లోపం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికం చేసుకున్న వారందరి పిల్లలకూ జబ్బులు వస్తాయని కాదు. కాని ఆస్తి బయటకు పోకూడదని పెళ్లి కుదిర్చే ముందు పెద్దలు ఈ లెక్క కూడా వేయాలి.

హాల్డేన్ చెప్పిన మరో మాట మన ఏజెన్సీకి సంబంధించినది. తలసీమియా జన్యువు ఒక్కటి ఉన్నవారు మలేరియాను తట్టుకోగలరేమో, అందుకే మలేరియా ప్రాంతాల్లో ఆ జన్యువు నిలిచి ఉందేమో అని 1949లో ఊహించారు. సికిల్ సెల్ విషయంలో అలాగే జరుగుతోందని 1954లో ఆలిసన్ ఆఫ్రికాలో చూపారు. ఆ జన్యువు ఒక్కటి ఉంటే సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, రెండు ఉంటే జబ్బు. అది శాపమూ కాదు, అంటువ్యాధీ కాదు. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో గిరిజన ప్రాంతాల్లో రక్తపరీక్షలు చేస్తున్నారు. కొండమీది గ్రామాల విద్యార్థులు పరీక్ష చేయించుకుని, కార్డు భద్రంగా దాచుకొని, పెళ్లికి ముందు చూసుకోవాలి.

హాల్డేన్ 1962లో భువనేశ్వర్‌కు మారారు. క్యాన్సర్ సోకితే ఆ జబ్బు మీదే హాస్యకవిత రాసి, డాక్టరు దగ్గరకు త్వరగా వెళ్లమని లోకానికి చెప్పారు. 1964 డిసెంబరు 1న కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్య విద్యార్థుల కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. భువనేశ్వర్ నుంచి కాకినాడకు దారి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మీదుగానే. బతికినన్నాళ్లూ చదువు చెప్పిన మనిషి, పోయాక కూడా పాఠమై మన నేల మీదకు వచ్చారు.

మిత్రులారా! ముక్కు తీరు, కంటి రంగు, రక్తం గ్రూపు మనకు పెద్దల నుంచి వచ్చాయి. పుస్తకం తెరవడం మాత్రం ఎవరి జన్యువుల్లోనూ రాసిపెట్టి లేదు. ఈ సంచిక మూసి, ఆ పాఠం మరోసారి చదవండి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలకు మీ మాటల్లో చెప్పండి.