వీరేశలింగం పంతులు: ఉపాసన నుండి సంఘసేవకు

రాజమహేంద్రవరంలో 1848లో జన్మించిన కందుకూరి వీరేశలింగం పంతులు 1878లో అక్కడే ప్రార్థన సమాజాన్ని నెలకొల్పారు. ఏకేశ్వరోపాసన సంఘసేవగా పరిణమించినప్పుడే సార్థకమన్నది ఆయన జీవితం చాటిన సిద్ధాంతం. వితంతు పునర్వివాహం శాస్త్రసమ్మతమని పరాశరస్మృతి ప్రమాణంగా వాదించి, 1881 డిసెంబరు 11న తొలి వివాహం జరిపించారు. ఛాందసులు బహిష్కరించారు. వంటవారు, నీళ్లు మోసేవారు మానుకోగా ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మ ఆ పనులన్నీ స్వయంగా నిర్వహించారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశారు.

శాస్త్రచర్చ మాత్రమే లోకాచారాన్ని మార్చలేకపోయింది. వెలివేయబడిన దంపతులకు, నిరాధారలైన వితంతువులకు ఆశ్రయం, విద్య అవసరమయ్యాయి. అందుకే శరణాలయం, పాఠశాలలు వెలిశాయి. వాటి మనుగడకై హితకారిణీ సమాజాన్ని స్థాపించి, తమ యావదాస్తిని దానికి ధారపోశారు. పంతులుగారు 1919లో మద్రాసులో దివంగతులయ్యారు. వ్యక్తి సాహసంతో ఆరంభమైన సంస్కరణకు సంస్థయే స్థిరత్వం కల్పించింది.