గిడుగువారు - కళింగసీమ ఎల్లలు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారనగానే వ్యావహారిక భాషోద్యమం స్ఫురించటం సహజం. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. కాని పటంమీద గీచిన ఒక గీత ఆ మహనీయుని వార్ధక్యాన్ని ఎంత కలతపెట్టినదో ఎరిగిన విద్యార్థులు తక్కువ.

1863లో శ్రీముఖలింగం చెంత పర్వతాలపేటలో వారు జన్మించినారు. ఆనాడు ఆ ఊరు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనిది. విజయనగరంలో గురజాడ అప్పారావుగారితోపాటు చదువుకొని, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైనారు. చరిత్ర బోధించవలసి వచ్చినందున ప్రాచీనలిపులు స్వయంగా నేర్చి, ముఖలింగ శాసనాలు చదివి, గాంగరాజుల కళింగనగరం ఈ ముఖలింగమేనని ప్రతిపాదించినారు.

సమీపపు కొండలలోని సవరల భాషకు అప్పటికి లిపి లేదు, పుస్తకం లేదు. తెలుగు తెలిసిన ఒక సవర యువకుని ఇంట ఉంచుకొని పంతులుగారు ఆ భాష నేర్చినారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టినారు. మన్యపు జ్వరానికి తిన్న క్వినైన్ వారి వినికిడిని హరించినది. అయినా కృషి మానలేదు. వారి సవర వ్యాకరణం 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి.

ఇంతలో ఎల్లల వివాదం వచ్చినది. 1933 నాటి శ్వేతపత్రం పర్లాకిమిడిని ఒరిస్సా వెలుపలనే ఉంచినది. మరుసటి యేడు పార్లమెంటు సంయుక్తసంఘం ఆ నిర్ణయాన్ని మార్చినది. పంతులుగారు తెలుగువారి పక్షాన వాదించినారు, ఫలితం లేకపోయినది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనది. పర్లాకిమిడి పట్టణం అటు, పాతపట్నం ఇటు అయినవి. 73వ యేట ఆయన, అర్ధశతాబ్దికి పైగా మసలిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరినారు. 1940 జనవరి 22న పరమపదించినారు.

ఒరియావారు తమ భాషకొక రాష్ట్రం కోరటం అన్యాయం కాదు. ఆ కోరికతోనే మనమూ 1953లో ఆంధ్రరాష్ట్రం సాధించుకొన్నాము. కాని భాషలు కలగలిసిన చోట ఏ గీత గీచినా ఎవరో ఒకరు పరాయివారౌతారు. సవరలు ఉభయ రాష్ట్రాలకూ పంచబడినారు; వారి పేర రాష్ట్రమూ లేదు. పర్వతాలపేట కదలలేదు, అయినా గంజాం, విశాఖపట్నం, 1950 నుండి శ్రీకాకుళం అని మూడు జిల్లాల చిరునామాలు దానికి వచ్చినవి.

పటం చూపి పాఠం చెప్పే ఉపాధ్యాయులు, సరిహద్దు గీత దగ్గర ఒక్క క్షణం ఆగి, దానికి ఇరువైపులా వినిపించే భాషలేవో కూడ పిల్లలకు చెప్పటం మంచిది. గిడుగువారు జీవితమంతా చేసినది ఆ పనియే.